ఊరికే తిరగడానికే ఎక్కాను

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫ్రీ బస్సు మాట రాని వారం లేదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేకుండా చేసిన మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. మొన్నొక శుక్రవారం కూడా వచ్చింది. ఆ మాట ఎత్తినాయన మంచి మనిషి, నాకన్నా సీనియర్, పనిలో నాకు ఎన్నోసార్లు అండగా నిలబడ్డవాడు. "ఉద్యోగాలకెళ్లే వాళ్లకి, కాలేజీ పిల్లలకి ఇస్తే నాకేం అభ్యంతరం లేదండీ. ఊరికే తిరగడానికి ఎక్కేవాళ్లకి కూడా ఎందుకివ్వాలి?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు, ఆడవాళ్లతో సహా, తలలూపారు. నేను డబ్బా మూత పెట్టుకుని లేచాను.

ఈ మాట కొత్తదేం కాదు. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆడవాళ్ల వీడియో ఫోన్లన్నీ తిరిగినప్పుడు విన్నాం. 2025 ఆగస్టు 15న ఆంధ్రాలో ఇలాంటిదే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక గుంటూరులో మా పిన్ని కూడా విన్నానంది. పనుండి తిరిగే ఆడదాని ప్రయాణం సబబు, పని లేకుండా తిరిగేదాని ప్రయాణం దుబారా. చాలామంది మంచివాళ్లు కూడా ఈ లెక్కే వేస్తున్నారు. ఈ లెక్క తప్పని చెప్పడానికే రాస్తున్నాను. పని పెట్టుకోకుండా ఊళ్లో తిరగడం, నచ్చిన చోట కాసేపు కూర్చోవడం ఊరి మీద ప్రతివాళ్లకూ ఉన్న హక్కు. మగవాళ్లు దాన్ని ఎప్పటి నుంచో అనుభవిస్తున్నారు. ఆడవాళ్లకి ఇప్పుడిప్పుడే ఓ కొస అందుతోంది.

ఆ శుక్రవారం సాయంత్రమే, శనివారం జరగాల్సిన ఆడిట్ వాయిదా పడిందని కబురొచ్చింది. ఆ ఆడిట్ కోసమే నేను సూర్యాపేటలో పెళ్లికి వెళ్లకుండా ఆగిపోయాను. మా ఆయనా బాబూ అప్పటికే వెళ్లిపోయారు. నేను బయల్దేరినా చేరేసరికి తలంబ్రాలు అయిపోతాయి. "ఇప్పుడేం వస్తావులే, ఆదివారం రాత్రికి మేమే వచ్చేస్తాం" అన్నారాయన. అలా శని, ఆదివారాలు నా చేతికొచ్చాయి. ముందుగా అనుకున్నది ఏదీ లేదు, ఎవరికీ మాటివ్వలేదు.

శనివారం లేవగానే ఫ్రిజ్ తలుపు తీశాను. అడుగు అరలో కొత్తిమీర కుళ్లి నీరు కారుతోంది. అది తుడవాలి, మినప్పప్పు నానబెట్టాలి, బీరువాలో బాబు పొట్టి బట్టలు తీసి వేరే పెట్టాలి. తీరిక దొరికితే ఇంట్లో దాన్ని మింగేసే పనులకి కొదవుండదు. కొత్తిమీర మాత్రం పారేసి, తాళం వేసి, హైదరాబాద్ తార్నాకలో మా బస్టాపుకి నడిచాను. రోజూ మెట్రోలో ఆఫీసుకి పోయేదాన్ని. ఎటు పోవాలో తెలియకుండా ఆ రోడ్డు మీద నిలబడింది లేదు.

"ఏడికక్కా?" అంది కండక్టరు, నాకన్నా చిన్నది.

"ఈ బస్సు ఎంతవరకు పోతుంది?"

"అఫ్జల్‌గంజ్."

"అయితే అక్కడికే."

ఆమె ఓసారి నా మొహం చూసి, ఆధార్ చూపెట్టమని, మిషన్ మీద నొక్కి జీరో టికెట్ చింపి ఇచ్చింది. డబ్బు తీసుకోకపోయినా ఎక్కిన చోటు, దిగే చోటు అందులో పడాలి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము కట్టాలి మరి. పన్నెండు కావస్తోంది, సగం సీట్లు ఖాళీ. విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పురా దాటాం. కోఠీ వచ్చేసరికి ఇంకా తేలికైంది. మా సీనియర్ గారు ఈ సంగతి ఎప్పుడూ చూసి ఉండడు. పొద్దున తొమ్మిదింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడే జనం వేరు. ఊరికే తిరిగేవాళ్లు ఆ వేళలో ఎక్కరు, ఎవరికి సరదా? వాళ్లెక్కేది మధ్యాహ్నాలు, సెలవురోజులు. అప్పుడు బస్సు ఖాళీగానైనా పోవాల్సిందే, డీజిల్ కాలాల్సిందే. ఆ సీట్లో నేను కూర్చుంటే ఎవరి సీటూ పోలేదు.

ఎవరన్నా రావాలా?

అఫ్జల్‌గంజ్‌లో దిగి మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోకి వెళ్లాను. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన సంస్థ అది. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి, ఆ ఆవరణలో 1908 వరదల్లో నూటయాభై మందిని కొమ్మల మీద నిలబెట్టుకుని కాపాడిందని చెప్పే చింతచెట్టు. గ్రంథాలయంలో పెద్దవాళ్లు పత్రికలు తిరగేస్తున్నారు. గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలు, అబ్బాయిలు నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని తలలు వంచుకుని ఉన్నారు. ఎత్తైన పైకప్పు కింద చల్లగా ఉంది. ఓ వారపత్రిక పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. పుస్తకం ముందుంటే పని చేస్తున్నట్టే లెక్క.

తర్వాత వెళ్లిన చోట అలా సాగలేదు. అది చెట్లు బాగా ఉన్న ఓ పాత పార్కు. టికెట్ కొని, నీడ చూసుకుని బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు, మా నాన్న వయసుంటుంది.

"ఎవరన్న రావాలెనా అమ్మా?"

"లేదండీ."

"మరి?"

"ఊరికే కూర్చున్నా."

సరేనని వెళ్లాడు. ఇంకాసేపటికి మళ్లీ అటుగా వచ్చి, "ఫోన్ చేసిన్రా? వస్తున్నరా?" అన్నాడు. నన్ను లేపేద్దామని కాదు, నిజంగా నా గురించే ఆదుర్దా. ఆ ఆదుర్దాకి ఏం జవాబు చెప్పాలో తోచక నేనే లేచాను. ఎదురు బెంచీ మీద చొక్కా గుండీలు విప్పుకుని ఒకాయన నిద్రపోతున్నాడు. ఆయన్ని ఎవరూ పలకరించలేదు.

అక్కడి నుంచి టీ కోసం ఓ ఇరానీ హోటల్‌కి వెళ్లాను. రోడ్డు వైపు బల్ల దగ్గర కూర్చుని, వచ్చేపోయే జనాన్ని చూస్తూ తాగుదామని ఆశ. కూర్చోబోతుంటే కుర్రాడు పరుగున వచ్చి, "మేడం, ఫ్యామిలీ ఉధర్" అని లోపలికి చూపించాడు. ప్లైవుడ్ అడ్డం, దానికో తెర, లోపల కిటికీ లేదు, మూలన చేతులు కడుక్కునే సింకు. అందరి మర్యాదా నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. టీ బాగుంది, ఉస్మానియా బిస్కెట్ ఇంకా బాగుంది. రోడ్డు మాత్రం కనపడలేదు.

నేనా శనివారం ఎదుర్కొన్నదంతా మంచితనమే. ఎవరూ వెకిలిగా మాట్లాడలేదు, వెంటపడలేదు. 2014లో ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ల భద్రత గురించి ఈ నగరంలో చాలా మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాల్సిందే. కానీ భద్రత అన్నాక మనం ఎప్పుడూ ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి క్షేమంగా చేరడం గురించే ఆలోచిస్తాం. ఆ రెండింటి మధ్య ఆగి నిలబడ్డ ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి, ఆమెని క్షేమంగా ఇంటికి పంపేయడమే మనకి తెలిసిన సాయం.

పల్లెల్లో ఇలా ఉండేది కాదు, రచ్చబండ ఉండేది, అందరూ కలిసి కూర్చునేవారు అని కొందరంటారు. మా అమ్మమ్మగారి ఊళ్లో రచ్చబండ నాకు బాగా తెలుసు. దాని మీద ఏ ఆడమనిషీ కూర్చోగా నేను చూడలేదు. ఆడవాళ్లు కలుసుకునేది బావి దగ్గర, రేవు దగ్గర, పంపు దగ్గర. చేతిలో బిందో, బట్టల మూటో, చంకలో పిల్లో ఉండాల్సిందే. పనే వాళ్లకి బయటికొచ్చే చీటీ. నగరం దాన్ని కనిపెట్టలేదు, పల్లె నుంచి మోసుకొచ్చుకుంది.

ఆదివారం ఈ సంగతి ఇంకోలా తెలిసొచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఒంగుని, చతికిలబడి, దుమ్ము దులుపుకుంటూ తిరిగాను. ఒకతను మొదటి పేజీ మూలన పెన్సిల్‌తో వేసిన ధర చూపించి, నేను బేరమాడేలోపే తనే చెరిపేసి తక్కువ రాశాడు. బాబుకి బొమ్మల పుస్తకాలు, నాకో పాత అల్లికల పుస్తకం కొన్నాను. అతనిచ్చిన గోనెసంచి లాంటి కవరు చేత్తో పట్టుకుని దగ్గర్లో ఓ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. ముందురోజు కూర్చున్నదీ నేనే, ఈ రోజు కూర్చున్నదీ నేనే. తేడా అల్లా ఆ సంచి. బజారుకొచ్చిన ఆడమనిషి సేద తీరుతోందని చూసినవాళ్లకి అర్థమైపోయింది.

మాల్‌ని తిట్టే ముందు

శనివారం సాయంత్రం ఇంకెక్కడా కూర్చోలేక మెట్రో ఎక్కి మా ఆఫీసు వైపున్న ఓ పెద్ద మాల్‌కి వెళ్లిన సంగతి కూడా చెప్పాలి. మాల్స్ మీద చాలా వ్యాసాలు చదివాను. అక్కడికి పోయేవాళ్లకి అభిరుచి లేదని, ఏసీ గాలి కోసం పోతారని, కొనకుండా చూసి వస్తారని రాస్తారు. అలా రాసేవాళ్లు ఎండలో, ఒంటరిగా, బాత్రూమ్ అవసరం పడ్డ ఆడమనిషిగా ఈ నగరంలో ఒక్క పూట గడిపి చూడాలి. అంతకు గంట ముందు ఓ బస్టాపు వెనక ఉన్న ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం చూసి వచ్చాను నేను. మాల్‌లో మరుగుదొడ్లు శుభ్రం, నీళ్లు ఉన్నాయి, వెలుతురుంది. ఒంటరిగా ఉన్నందుకు ఎవరూ అడగరు. కాలేజీ అమ్మాయిలు నేల మీదే గుండ్రంగా కూర్చుని నవ్వుకుంటున్నారు. వాళ్లని నేనేమీ అనలేను. ఊరు ఇవ్వని చోటుని ఓ వ్యాపారి ఇస్తే అక్కడికే పోతారు.

కాకపోతే అది వ్యాపారి ఇచ్చిన చోటు. ఆ అమ్మాయిల్ని కాసేపటికి సెక్యూరిటీ అతను లేపాడు. బెంచీలు వేసింది ఫుడ్‌కోర్టులోనే, అక్కడ ఏదో ఒకటి కొనాలి. ఖర్చు పెట్టగలిగినంతసేపే ఆ ఆదరణ. అడ్డగుట్ట, బోరబండ లాంటి బస్తీల నుంచి వచ్చే ఆడమనిషి ఆ గాజు తలుపు దాటడానికే జంకుతుంది.

ఒక బట్టల షోరూములో చీరల కౌంటరు వెనక అమ్మాయిని చూశాను. మడతలు విప్పుతూ, వేస్తూ, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావా?" అంటే, "శని, ఆదివారాలు ఇంతే మేడం, గిరాకీ ఎక్కువ" అంది. వెనక ఒక్క స్టూల్ కూడా లేదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు దీనికోసమే పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటు ఉండాలంది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. కూర్చోవడానికి కూడా చట్టం కావాల్సి వచ్చిందంటే, ఆడవాళ్ల కాళ్ల నొప్పి మన కంటికి ఎంత ఆనదో తెలుస్తుంది. నేను ఊరికే తిరగడం గురించి వాదిస్తున్నాను, ఆ అమ్మాయికి తిరగడానికి శనివారమే లేదు. ఇది నా వాదనలో ఉన్న పెద్ద లోటు, దీన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. తీరిక అందరికీ సమానంగా లేదు. అందుకే ఉన్న కాస్త తీరికా ఖర్చు లేకుండా గడిచే చోట్లు, అర్ధపూట సెలవు దొరికినవాళ్లు వచ్చి వాలే చోట్లు ఊళ్లో ఉండాలంటాను.

టికెట్ పెట్టడమే తప్పని కూడా అనను. సాలార్‌జంగ్ మ్యూజియంలో టికెట్ ఉంది. దానికి బదులు చూడ్డానికి అంత సంపద, కూర్చోవడానికి చోటు ఇస్తున్నారు. గంట కొట్టే వేళకి ఆ సంగీత గడియారం ముందు జనమంతా చేరి, చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టడం కోసం పసిపిల్లల్లా చూస్తారు. అక్కడ నేను ఒంటరినని ఎవరికీ పట్టదు. ఇబ్బందల్లా, నీడా బెంచీ కూడా టికెట్ వెనకే ఉండటం. బస్టాపులో వంపు తిరిగిన ఇనప గొట్టం మీద సరిగ్గా ఆనుకోవడానికైనా రాదు. ఫుట్‌పాత్ ఉన్న చోట చెట్టుండదు, చెట్టున్న చోట బండ్లు పార్క్ చేసి ఉంటాయి.

కట్ట మీద

ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదకి చేరాను. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో, నీళ్లు నిలపడానికి వేసిన చెరువు కట్ట. జనం కూర్చోవాలని ఎవరూ అనుకుని కట్టలేదు. ఇప్పుడు ఈ నగరంలో డబ్బులు అడక్కుండా కూర్చోనిచ్చే చోట్లలో దీన్ని మించింది నాకు తెలియదు. 2021లో కొంతకాలం ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి కట్టంతా జనానికి వదిలారు. ఆ సాయంత్రాలు గుర్తున్నవాళ్లకి, ఒక రోడ్డు మూస్తే ఎంత చోటు పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గట్టు మీద ముగ్గురు ఆడవాళ్లు మరమరాల కవరు మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. చోటు చూసుకుంటున్న నన్ను చూసి ఒకామె జరిగింది.

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఒక్కదాన్నే."

"మంచిగ జేసినవ్. కూసో."

హిమాయత్‌నగర్ ఫ్లాట్లలో పనిచేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఖాళీ. ఫ్రీ బస్సు వచ్చాక కొన్ని ఆదివారాలు ఇలా ముగ్గురూ ఏదో ఒక బస్సెక్కుతున్నారట. చార్మినార్ పోయారు, బిర్లా మందిర్ పోయారు, ఒకసారి బస్సు దిగకుండా చివరిదాకా పోయి మళ్లీ వచ్చారు. అంతకుముందు ఆదివారాలు ఏం చేసేవారని అడిగితే పెద్దామె చెప్పింది: "ఇంట్ల కూసుంటే ఏదో ఒక పని చెప్తనే ఉంటరు. ఈడ కూసుంటే ఎవ్వలు చెప్పరు."

మరమరాలు తిన్నాక నా సీసా ఇస్తే ఎవరూ తీసుకోలేదు. "పొద్దుమీకి ఇంటికి పోయినంకనే తాగుతం. ఇప్పుడు తాగితే యాడికి పోవాలె?" అంది మూడో ఆమె. నేనూ ఆ మధ్యాహ్నం నుంచి గుక్కెడు కన్నా ఎక్కువ తాగలేదని అప్పుడు గమనించాను. చదువు, జీతం, ఉండే పేట అన్నీ వేరైన నలుగురం ఒకే లెక్క వేసుకుని దాహంతో కూర్చున్నాం. బస్సు ఉచితం చేయడం మొదటి మెట్టు. దిగిన చోట తాళం లేని మరుగుదొడ్డి, తాగే నీళ్లు, నీడ, వెన్ను ఆనే బల్ల లేకపోతే రెండో మెట్టు లేని మెట్లదారే అది. ఇవి ఉంటే మగవాళ్లకీ పనికొస్తాయి. రెస్టారెంట్ల ముందు ఎండలో బండి సీటు మీదే నడుం వాల్చే డెలివరీ కుర్రాళ్లు దీనికి మొదటి హక్కుదారులు.

తొమ్మిదికి దగ్గరపడుతుంటే, బస్సు కోసం ఆగే ఓపిక లేక ఆటో ఎక్కాను. మాటల్లో ఫ్రీ బస్సు వచ్చింది. "మాకు గిరాకీ అంటే ఆడోళ్లే ఉండె మేడం. దగ్గర దగ్గరికి షేర్‌ల ఎక్కేటోళ్లు. అందరు పోయిన్రు. కిస్తీ కట్టుడు కష్టమైతున్నది" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం. ఆటో డ్రైవర్లకి ఏటా 12,000 ఇస్తామని 2023లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. ఆంధ్రాలో 2025 అక్టోబర్‌లో 15,000 చొప్పున ఇచ్చారు. ఆ ఆడవాళ్ల ఆదివారానికి ఇతని కిస్తీ చెల్లు పెట్టడం న్యాయం కాదు, ఇతని కిస్తీ కోసం వాళ్లు ఇంట్లో కూర్చోవడమూ న్యాయం కాదు. ఉచితం అని ప్రకటించిన ప్రభుత్వమే ఈ నష్టాన్నీ భరించాలి.

"మీ ఇంట్లో వాళ్లు బస్సెక్కరా?" అని అడిగాను.

"ఎందుకెక్కదు? ప్రతి ఆదివారం పోతది వాళ్లమ్మ దగ్గరికి, ఇబ్రహీంపట్నం. ఇంతకుముందు పండుగకే పోయేది." కాస్త ఆగి, "ఏం పనుండదు ఆడ. పోయి కూసోని వస్తది" అన్నాడు.